బస్సెక్కించే కీళ్ళు

బాలలూ! నందిగామలో జగ్గయ్యపేట బస్సెక్కే మనిషిని ఈసారి గమనించండి. మోకాలు మడిచి మెట్టుపై అడుగు వేస్తాడు. చెయ్యెత్తి కమ్మీ పట్టుకుంటాడు. మెడ తిప్పి ఖాళీ సీటు వెతుక్కుంటాడు. ఎముకలేమో వంగవు. మరి ఇదంతా ఎలా సాధ్యం?

పెద్దవారి శరీరంలో 206 ఎముకలుంటాయి. రెండు ఎముకలు కలిసే చోటే కీలు. మోకాలు, మోచెయ్యి తలుపు బందుల్లా ముఖ్యంగా ఒకే వైపు ముడుచుకుంటాయి. ఇవి మడతబందు కీళ్ళు. భుజంలో, తుంటిలో ఒక ఎముక గుండ్రని తల మరొక ఎముక గుంటలో అమరుతుంది. అందుకే చేతిని గిరగిరా తిప్పగలం. ఇవి బంతిగిన్నె కీళ్ళు. మెడలో రెండో వెన్నుపూసకు మేకులాంటి భాగం ఉంది. దానిచుట్టూ మొదటి పూస తిరుగుతుంది. ఇది బొంగరపు కీలు. పుర్రెలో చాలా ఎముకలు మాత్రం రంపపు పళ్ళలా బిగుసుకుని, కదలక, మెదడును కాపాడతాయి.

బండి ఇరుసుకు కందెన ఉన్నట్టే కదిలే కీళ్ళకూ ఉంటుంది. ఎముకల చివర్లను నున్నని మృదులాస్థి కప్పుతుంది. మధ్యలో తెల్లసొనలాంటి సైనోవియల్ ద్రవం రాపిడిని తగ్గిస్తుంది. సంధి బంధనాలనే గట్టి పట్టీలు ఎముకలను కట్టి ఉంచుతాయి.

ఈ పట్టీలే ఎముకల్లా గట్టిపడితే?

జగ్గయ్యపేట దాటి పడమటికి వెళితే పాత నల్గొండ జిల్లా వస్తుంది. ఆ జిల్లాలో ఎన్నో గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆ నీరే తాగినవారిలో ఎందరికో ఫ్లోరోసిస్ వచ్చింది. ఎముకల్లో ఫ్లోరైడు పేరుకుంది. సంధి బంధనాల్లో కాల్షియం చేరి అవి బిగుసుకుపోయాయి. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పవలసిన స్థితి వచ్చింది. అంతకుముందు 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు ఈ వ్యాధిని వివరించారు.

అలా బిగిసిన కీలును మునుపటిలా చేసే మందు లేదు. నివారణే మార్గం. ఫ్లోరైడుకు రంగు, రుచి, వాసన లేవు. కాచినా పోదు. నీటిని పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మించితే వేరే మంచినీరు వాడాలి, లేదా ఫ్లోరైడును తగ్గించాలి. పటిక, సున్నం కలిపి, తేర్చి తగ్గించే పద్ధతికి నల్గొండ పద్ధతి అనే పేరు.

ఇప్పుడు లేచి నిలబడండి. గడ్డం ఛాతీకి ఆనించండి. రెండు చేతులూ తల వెనక్కు చేర్చండి. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళను ముట్టుకోండి. ఫ్లోరోసిస్‌ను అనుమానించడానికి గ్రామాల్లో చేయించే తేలికపాటి పరీక్షలివే. కాలివేళ్ళు అందకపోతే భయపడకండి. కండరాలు బిగువుగా ఉన్నా అలా జరుగుతుంది. మెడా నడుమూ ఎప్పుడూ బిగిసి ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాలి.

మరి మీరు తాగే బోరు నీటిని ఎప్పుడైనా పరీక్ష చేయించారా? ఇంట్లో అడిగి చూడండి.