పిల్లలు, కౌమారుల్లో ఊబకాయం – దీర్ఘకాలిక శోథ: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పరిసరాల నేపథ్యం

ఉపోద్ఘాతం

2022లో ప్రపంచవ్యాప్తంగా 5–19 ఏళ్ల వయసువారిలో 39 కోట్ల మందికి పైగా అధిక బరువుతో ఉన్నారని, వారిలో 16 కోట్ల మంది ఊబకాయులని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. భారతదేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు 2015–16లో 2.1 శాతం ఉండగా, 2019–21 నాటికి 3.4 శాతానికి చేరినట్లు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు తెలుపుతున్నాయి. ‘ఒళ్లు చేయడం’ ఆరోగ్య లక్షణమనే భావన కుటుంబాల్లో ఇంకా తొలగలేదు. అయితే అధికంగా చేరిన కొవ్వు, నొప్పి గాని జ్వరం గాని లేకుండానే శరీరంలో శోథను కొనసాగిస్తుంది. మధుమేహం, హృద్రోగాలకు బాల్యంలోనే బీజం పడేది ఈ దశలోనే.

హైదరాబాద్ కౌమారులపై అధ్యయనం

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు హైదరాబాద్ నగరంలో 12–17 ఏళ్ల వయసుగల 1,208 మందిపై జరిపిన అధ్యయనం 2007లో ప్రచురితమైంది. అందులో 7.2 శాతం మంది అధిక బరువుతో ఉన్నట్లు తేలింది. బాలికల్లో ఇది 8.2 శాతం, బాలురలో 6.1 శాతం. వారానికి 6 గంటలు లేదా అంతకుమించి ఆరుబయట ఆడుకునేవారిలో 3.1 శాతం మాత్రమే కాగా, రోజుకు 3 గంటలు లేదా అంతకుమించి టీవీ చూసేవారిలో 10.4 శాతంగా నమోదైంది. ఇటువంటి పరిశీలన కారణాన్ని నిరూపించకపోయినా, ఆటకు, బరువుకు మధ్యగల సంబంధాన్ని స్పష్టం చేస్తుంది.

స్థానిక పరిస్థితులు

ఈ ఫలితాలను నగర తూర్పు భాగానికి అన్వయించి చూడవలసి ఉంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాలకు, విద్యార్థి వసతి గృహాలకు ప్రసిద్ధి. 2018 సెప్టెంబరులో ప్రారంభమైన అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మార్గం ఈ ప్రాంతాన్ని నగరంతో మరింత దగ్గర చేసింది. కళాశాల, కోచింగ్, చదువు గంటల మధ్య విద్యార్థి రోజులో అధిక భాగం కూర్చునే గడుపుతాడు. విరామంలో చేతికందేవి మిర్చి బజ్జీ, నూడుల్స్, బేకరీ పఫ్, శీతల పానీయం. 300 మిల్లీలీటర్ల కోలా పానీయంలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజుకు 2000 కిలోక్యాలరీలు అవసరమైన వ్యక్తికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన గరిష్ఠ పరిమితి 50 గ్రాములు; 25 గ్రాములలోపు ఉంటే మరింత మేలు.

కొవ్వు నుండి శోథ

కొవ్వు కణజాలం కేవలం శక్తి నిల్వ కాదు. హార్మోన్లను స్రవించే అవయవం కూడా. కొవ్వు కణాలు అతిగా ఉబ్బినప్పుడు వాటికి ప్రాణవాయువు సరిగా అందదు. దెబ్బతిన్న కణాల వద్దకు మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు చేరి, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. వీటి ప్రభావంతో కాలేయం సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను అధికంగా తయారుచేస్తుంది. లెప్టిన్ పెరిగి, రక్షణనిచ్చే అడిపోనెక్టిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ పనితీరు మందగిస్తుంది. గాయం మానితే సాధారణ శోథ చల్లారుతుంది. అదనపు కొవ్వు ఉన్నంతకాలం ఈ శోథ చల్లారదు.

గుర్తింపు

పిల్లలకు పెద్దల బి.ఎం.ఐ. ప్రమాణాలు వర్తించవు, వయసు, లింగభేదం ప్రకారం రూపొందించిన పెరుగుదల పట్టికలతో పోల్చాలి. నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి మించితే జాగ్రత్త పడాలి. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లబడి మందంగా మారడం ఇన్సులిన్ నిరోధకతకు సూచన కావచ్చు. దానిని మురికిగా భావించి రుద్దడం వల్ల ప్రయోజనం లేదు. భారతీయ శిశువులు బరువు తక్కువగా పుట్టినా, వారి శరీరంలో కొవ్వు పాలు తగ్గలేదని పుణె పరిశోధనలు చూపాయి. కనుక సన్నగా కనిపించే పిల్లలనూ ఉపేక్షించరాదు.

ఆహార, జీవనశైలి సూచనలు

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలినా, సరూర్‌నగర్ రైతుబజారు ఈ ప్రాంతవాసులకు అందుబాటులోనే ఉంది.

• తెల్ల అన్నంలో కొంత భాగానికి బదులు జొన్న రొట్టె, రాగి సంకటి వాడాలి.
• పప్పు, తోటకూర, గోంగూర, పెసర మొలకలు, జామ వంటివి రోజూ ఉండాలి. వీటి పీచు పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారం.
• అవిసె గింజల పొడి లేదా చేపల ద్వారా ఒమేగా-3 కొవ్వులు లభిస్తాయి.
• శీతల పానీయానికి బదులు పలుచని మజ్జిగ ఇవ్వాలి.
• 5–17 ఏళ్ల వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ, తగినంత నిద్ర అవసరం.

ముగింపు

ఎదిగే పిల్లలను పస్తులుంచడం తగదు. చాలామందిలో బరువు పెరగకుండా నిలిపితే చాలు. ఎత్తు పెరిగేకొద్దీ కొవ్వు పాలు తగ్గుతుంది. ఊబకాయం తీవ్రంగా ఉంటే వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి. ఎగతాళి పిల్లలను ఆటస్థలానికి మరింత దూరం చేస్తుంది. ఇంటిల్లిపాదీ ఒకే ఆహారం తీసుకోవడం, వసతి గృహాల భోజనంలో కూరగాయల పాలు పెంచడం, కోచింగ్ వేళల్లో ఆటకు గంట కేటాయించడం ఖర్చుతో కూడిన పనులు కావు. కౌమారంలో కొవ్వు తగ్గితే శోథ సూచికలూ తగ్గుతాయి. ఈ వయసులో చేసిన దిద్దుబాటు జీవితాంతం ఫలితమిస్తుంది.