రాజీనామా రాసే ముందు

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది విన్నప్పటి నుంచీ పెదనాన్నకు అన్నం సహించడం లేదు. "రేటింగ్ బాగాలేదు, నీ అంతట నువ్వే రాజీనామా ఇచ్చేస్తే మర్యాదగా ఉంటుంది" అన్నాడటగా మీ మేనేజరు! మర్యాద ఎవరికో ముందు తేల్చుకో తల్లీ.

రాజీనామా ఇస్తే నీ ఇష్టంతో వెళ్లినట్టు. వాళ్లు తీసేస్తే లెక్క వేరు. ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ణి రిట్రెంచ్ చేయాలంటే నెల నోటీసో, ఆ నెల జీతమో ఇవ్వాలనీ, ప్రతి ఏడాది సర్వీసుకూ 15 రోజుల సగటు వేతనం కట్టాలనీ 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే అంది. నీ హోదా అలాంటి రక్షణ కిందకు వస్తుందో రాదో లేబర్ లాయరు చెప్పాలి. తేలేదాకా సంతకం పెట్టకు. గ్రాట్యుటీకి మామూలుగా అయిదేళ్లు నిండాలి, నీకెంత తక్కువో చూసుకున్నావా?

రేటింగ్ తగ్గిందని, పనే చేతకాలేదని కుమిలిపోకు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అధిపతిగా జాక్ వెల్చ్ ఉద్యోగుల్ని 20, 70, 10 శాతాలుగా విడగొట్టి అడుగు పదిని సాగనంపే పద్ధతి నడిపాడు. అందరూ బాగా చేసినా ఎవరో ఒకరు అడుగున పడాల్సిందే. పక్కవాడికి సాయం చేస్తే తన ర్యాంకుకే ఎసరు. అలాంటి లెక్కను మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో వదిలేసింది. పక్కసీటు అమ్మాయిని శత్రువులా చూడకు, ఆ పిల్లా నీలాగే హడలిపోతూ ఉంటుంది.

వేళకు తింటున్నావా?

ఇక అసలు మాట, కాగితం. పెదనాన్న స్టోర్స్ గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒక అధికారి "ఆ పైపులు పంపించెయ్, కాగితాలు తర్వాత చూద్దాం" అన్నాడు. వానాకాలం, ఆఫీసు కప్పు కారి ఫైళ్ల మధ్య బకెట్లు. ఆ బకెట్ల సంగతి ఎత్తితే మీ నాన్న ఇప్పటికీ నవ్వుతాడు. సరే, పెదనాన్న "అయ్యగారి నోటిమాట ప్రకారం" అని నోట్‌ఫైల్లో రాసి సంతకానికి పెట్టాడు. ఆయన కళ్లెర్రజేశాడు, అయినా సంతకం పెట్టాడు. తర్వాత ఆడిట్ వాళ్లు పైపులేవని నిలదీస్తే ఆ ఒక్క పంక్తే ఉద్యోగం నిలబెట్టింది.

అందుకని పని అప్పగించినా, గడువు మార్చినా, మెచ్చుకున్నా, కేకలేసినా సాయంత్రంలోగా మెయిల్ పెట్టు: "ఈరోజు మీరు చెప్పింది ఇదీ" అని. తేదీ, టైము, పక్కనెవరున్నారో ఇంట్లో నోటుబుక్కులో రాసుకో. పెదనాన్న పాలవాడి దగ్గరా రసీదు అడుగుతాడని మీ పెద్దమ్మ వెక్కిరిస్తుంది. అడుగుతాడు మరి! కానీ కంపెనీ కోడు, ఫైళ్లు సొంత మెయిలుకి పంపుకోకు, అదే సాకుగా తీసేయగలరు. ఆఫర్ లెటరు, పే స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్ మాత్రం ఇంట్లో ఉండాలి.

మళ్లీ గదిలోకి పిలిస్తే "ఆలోచించుకుని మెయిల్లో చెబుతానండీ" అని లేచి వచ్చెయ్. ఏడుపొస్తే పెదనాన్నకు ఫోన్ చెయ్, ఏ వేళైనా సరే. ఆదివారం ఆఫర్ లెటర్లో నోటీసు పీరియడ్ పేజీ చదివి వినిపించు. పెద్దమ్మ గోంగూర పచ్చడి పంపుతోంది, అందగానే చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న