‘పడదు’ అను మాటకు అర్థమేమి?

గవర్నర్‌పేటలో ఏ భోజనశాలలో కూర్చున్నను, ఏ విందుకు వెళ్ళినను తరచుగా వినబడు మాట యొకటి కలదు: “నాకు రొయ్యలు పడవండీ.” వెంటనే ప్రక్కవారు, “ఒక్క ముక్కకేమవుతుంది, తినండి!” అని వడ్డింతురు. ఈ రెండు మాటలను శాస్త్రదృష్టితో పరిశీలింతము.

‘పడదు’ అనుచు మనము మూడు వేర్వేరు సంగతులను కలిపివేయుచున్నాము. మొదటిది అరగకపోవుట. పాలలోని లాక్టోజ్ అను చక్కెరను అరిగించు ఎంజైము తక్కువైనవారికి పాలు త్రాగిన కడుపుబ్బును. బాధయే గాని ప్రాణభయము లేదు. రెండవది చెడిన ఆహారము. సరిగా నిలువచేయని కొన్ని చేపలలో హిస్టమిన్ పెరిగి, తిన్నవారి ముఖము ఎర్రబారును. మూడవదే నిజమైన అలర్జీ.

ఈ పదమును 1906లో వియన్నా వైద్యుడు ఫాన్ పిర్కే ప్రవేశపెట్టెను. 1921లో ప్రౌస్నిట్జ్, క్యుస్ట్నర్ అను వైద్యులు తమ దేహములపైననే ఒక ప్రయోగము చేసిరి. క్యుస్ట్నర్‌కు చేప పడదు. అతని రక్తరసమును ప్రౌస్నిట్జ్ తన చర్మములోనికి ఎక్కించుకొని, మరునాడు అచ్చటనే చేపసారమును ఎక్కింపగా దద్దురు లేచెను! దోషము చేపలో లేదు, రక్తములోని ఒక పదార్థములో కలదని తేలినది. 1960వ దశకములో గుర్తింపబడిన ఐ.జి.ఇ. అను ప్రతిరక్షక పదార్థమే అది.

మన డెల్టావాసులకు ప్రీతిపాత్రమైన రొయ్యలో ట్రోపోమయోసిన్ అను మాంసకృత్తు కలదు. ఎంత ఉడికించినను అది తన గుణమును కోల్పోదు. చిన్ననాటినుండి నిక్షేపముగా తిన్నవారికి సైతము పెద్దవయస్సున ఈ అలర్జీ క్రొత్తగా రావచ్చును. సాధారణముగా నిమిషములలో, లేదా రెండు గంటలలోపల దద్దురులు, పెదవుల వాపు కనబడును. గొంతు బిగిసి ఆయాసము కలిగినను, స్పృహ తప్పుచున్నను అది ప్రాణాపాయము. అప్పుడు తొడకండలో అడ్రినలిన్ ఇంజక్షన్ ఇచ్చుటయే ప్రధాన చికిత్స; దురద మాత్రలతో కాలయాపన చేయరాదు.

అట్లని రక్తపరీక్షను చూచుకొని వంకాయ మొదలు పప్పు వరకు మానివేయుటయు తగదు. కర్ణాటకలో పెద్దలపై జరిగిన పరిశీలనలో (ఫలితములు 2016లో వెలువడినవి) ఆహారపదార్థములకు ఐ.జి.ఇ. ఉన్నవారు నూటికి 26.5 మంది; నిజముగా అలర్జీ ఉండదగినవారు 1.2 మంది మాత్రమే. కావున ఏమి తింటిమి, ఎంతసేపటికి ఏమి జరిగినది అను వృత్తాంతమే వైద్యునకు ముఖ్యాధారము.

2020 నాటి నిబంధనల ననుసరించి పొట్లముల మీద రొయ్య, చేప, గ్రుడ్డు, పాలు, వేరుసెనగ వంటివాటిని ప్రకటింపవలెను. కాని విందులోని బిర్యానీ డేగిసాకు చీటీ యుండదు. ఒకే గరిటె, ఒకే నూనె రెండు వంటలకు వాడిన చాలును, ప్రమాదము సంభవింపవచ్చును. కనుక అడిగి తినుట సిగ్గు కాదు. పెండ్లి పంక్తిలోనైనను, దస్తర్‌ఖాన్ వద్దనైనను అతిథి ‘పడదు’ అన్నప్పుడు బలవంతము చేయకుండుటయే మనము చూపదగిన నిజమైన మర్యాద.