వాదం – సమర్థన

ఉద్దేశం
అభిప్రాయాన్ని హేతుబద్ధంగా, సప్రమాణంగా ప్రతిపాదించే వ్యాసరచనలో విద్యార్థులకు ప్రవేశం కల్పించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం
అభిప్రాయం లేని మనిషి ఉండడు. అయితే అభిప్రాయం వేరు, వాదం వేరు. ‘నాకు ఇలా తోస్తున్నది’ అనడం అభిప్రాయం. దానికి కారణం చూపి, ఆధారంతో నిలబెట్టి, ఎదుటివారి సందేహానికి సమాధానం చెప్పినప్పుడే అది వాదమవుతుంది. పరీక్షలో వ్యాసం రాసే విద్యార్థి మొదలుకొని సిద్ధాంత గ్రంథం సమర్పించే పరిశోధకుని వరకు అందరూ గుర్తించవలసిన భేదం ఇది.

న్యాయదర్శనం చర్చను మూడు విధాలుగా విభజించింది. సత్యనిర్ణయం కోసం సాగేది వాదం. గెలుపే లక్ష్యంగా సాగేది జల్పం. తన పక్షాన్ని స్థాపించకుండా ఎదుటిపక్షాన్ని ఖండించడంతోనే సరిపెట్టుకొనేది వితండ. ‘వితండవాదం’ అని నిత్యవ్యవహారంలో వినిపించే మాటకు మూలం ఇదే.

వాదానికి ఐదు అవయవాలు ఉండాలని నైయాయికులు చెప్పారు. ‘కొండమీద నిప్పు ఉన్నది’ అనేది ప్రతిజ్ఞ. ‘పొగ ఉన్నది కనుక’ అనేది హేతువు. ‘పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటయింట్లో వలె’ అనేది ఉదాహరణ. ‘ఈ కొండమీద కూడా అటువంటి పొగ ఉన్నది’ అనేది ఉపనయం. ‘కాబట్టి అక్కడ నిప్పు ఉన్నది’ అనేది నిగమనం. విద్యార్థుల వ్యాసాలలో తరచుగా మొదటిదీ చివరిదీ మాత్రమే కనిపిస్తాయి. నడుమ ఉండవలసినవి లోపించడంవల్ల చెప్పిన మాటే మళ్లీ చెప్పినట్లవుతుంది.

ఈ సూత్రాలు ఆచరణలో ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి వ్యావహారిక భాషావాదం చక్కని నిదర్శనం. ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో, ఇంటర్మీడియట్ విద్యార్థులు తెలుగు వ్యాసాన్ని ఏ శైలిలో రాయాలన్న ప్రశ్న మద్రాసు విశ్వవిద్యాలయంలో వివాదమైంది. గ్రాంథికమే ఉండాలని జయంతి రామయ్య పంతులు వంటివారు వాదించారు. గిడుగు వేంకట రామమూర్తి (1863–1940), గురజాడ అప్పారావు (1862–1915) వ్యావహారికాన్ని సమర్థించారు.

గ్రాంథికవాదుల అభ్యంతరాలు తేలికైనవి కావు. వాడుకభాష ప్రాంతానికొక తీరుగా ఉంటుందనీ, దానికి నియమం లేదనీ, అది గ్రంథరచనకు తగదనీ వారన్నారు. రామమూర్తి ఈ పూర్వపక్షాన్ని తోసిపుచ్చలేదు, దానికి సమాధానం వెదికారు. ముందుగా తన ప్రతిజ్ఞకు హద్దు గీశారు. తాను కోరేది ఎవరికి తోచినట్లు వారు రాసే భాష కాదనీ, శిష్టజనుల వ్యవహారంలోని భాష అనీ స్పష్టం చేశారు. ప్రాచీన కావ్యాలను చదవడం మానాలని ఆయన అనలేదు. వర్తమాన రచన జీవద్భాషలో సాగాలన్నదే ఆయన వాదం.

తర్వాత ఆయన ప్రమాణాలు సేకరించారు. వాడుకభాషా రూపాలు పూర్వుల వచనంలోనే ఉన్నాయని ‘గద్యచింతామణి’లో ఉదాహరణలతో చూపారు. గ్రాంథికంలో రాసినవారు సైతం వ్యాకరణ నియమాలను తప్పుతున్నారని ‘బాలకవి శరణ్యం’లో నిరూపించారు. పండితులకే సాధ్యంకాని నియమాన్ని విద్యార్థిపై మోపడం న్యాయమా అన్న ప్రశ్న దానినుంచి సహజంగా పుట్టింది. గురజాడ 1914లో విశ్వవిద్యాలయానికి విపులమైన అసమ్మతి పత్రం సమర్పించారు. మెజారిటీ అభిప్రాయంతో విభేదించినవాడు మౌనం వహించకుండా కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయడానికి అది ఆదర్శం.

వాదం బలమైనదైతే వెంటనే గెలిచి తీరుతుందన్న నియమం లేదు. ఆనాడు గ్రాంథికమే నిలిచింది. గురజాడ మరుసటి సంవత్సరమే మరణించారు. అయినా వారు పోగుచేసిన ఆధారాలు మరణించలేదు. నేడు విద్యార్థి తన సమాధానాన్ని వాడుకకు దగ్గరగా ఉన్న భాషలో రాయగలగడం ఆ వాదఫలమే. రామమూర్తి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

విద్యార్థి ఈ పద్ధతిని చిన్న విషయంలోనే అభ్యసించవచ్చు. ‘కళాశాల గ్రంథాలయం చాలా అవసరమని అందరికీ తెలుసు’ అన్న వాక్యం ఎవరినీ ఒప్పించదు, ఎందుకంటే అందులో నిరూపించవలసినదేదీ లేదు. ‘గ్రంథాలయాన్ని సాయంత్రం ఆరు గంటల వరకు తెరిచి ఉంచాలి’ అన్నది ప్రతిజ్ఞ. తరగతులు ముగిసే వేళకే గ్రంథాలయం మూతపడడం హేతువు. ఒక వారంపాటు తలుపు మూసి ఉండడం చూసి వెనుదిరిగిన విద్యార్థుల సంఖ్యను లెక్కించి చూపితే అది ప్రమాణం. ‘సిబ్బందికి పనిభారం పెరుగుతుంది కదా’ అన్నది పూర్వపక్షం. ఉదయం తరగతులు జరిగే వేళలో ఒక గంట తగ్గించి, ఆ గంటను సాయంత్రానికి మార్చవచ్చుననడం సమాధానం. ఆ మార్పు ఉదయం వచ్చే కొందరికి ఇబ్బంది కలిగిస్తే దానిని కూడా ఒప్పుకోవాలి. తన వాదానికి ఉన్న పరిమితిని తానే చెప్పిన రచయితను పాఠకుడు ఎక్కువగా నమ్ముతాడు.

ఎదుటివారి మాటను వారే ఒప్పుకొనేంత న్యాయంగా చెప్పగలిగినవానికే దానిని ఖండించే అర్హత ఉంటుంది. వాదరచనలో విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి పాఠమూ, చివరి పాఠమూ ఇదే.

అర్థాలు
నైయాయికులు = న్యాయశాస్త్ర పండితులు
పూర్వపక్షం = ఎదుటివారు చెప్పే ఆక్షేపణ
శిష్టజనులు = చదువు, సంస్కారం గలవారు
అసమ్మతి పత్రం = అంగీకరించకపోవడానికి కారణాలు తెలిపే పత్రం

ప్రశ్నలు
I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. గిడుగు రామమూర్తి తన వాదాన్ని సమర్థించుకొన్న తీరును వివరించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. వాద, జల్ప, వితండల మధ్య భేదమేమిటి?
2. వాదానికి గల ఐదు అవయవాలను మీ సొంత ఉదాహరణతో తెలపండి.

III. అభ్యాసం
మీరు అంగీకరించని ఒక అభిప్రాయాన్ని తీసుకొని, మొదట దానిని సమర్థిస్తూ ఐదు వాక్యాలు, తర్వాత దానికి సమాధానంగా ఐదు వాక్యాలు రాయండి.