ఓటు లేనివారి సభ్యుడు – హెన్రీ ఫాసెట్
(పెద్ద తరగతి విద్యార్థుల కోసం ఒక పాఠం)

పిల్లలూ! బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు ఎవరి తరఫున మాట్లాడాలి? "తనను గెలిపించిన నియోజకవర్గం తరఫున" అని మీరు చటుక్కున చెప్తారు. సరైన జవాబే. అయితే 19వ శతాబ్దంలో ఒక సభ్యుడు, తాను ఎన్నడూ అడుగుపెట్టని దేశం గురించి, తనకు ఒక్క ఓటు కూడా వేయలేని ప్రజల గురించి ఏళ్ళ తరబడి మాట్లాడారు. అందుకే ఆయనకు "భారతదేశపు సభ్యుడు" అన్న పేరు వచ్చింది. ఆయనే హెన్రీ ఫాసెట్.

ఫాసెట్ 1833లో సాల్స్‌బరీలో పుట్టారు. కేంబ్రిడ్జిలో గణితం చదివి, 1856 పరీక్షలో ఏడవ స్థానంలో నిలిచారు. 1858లో వేటకు వెళ్ళినప్పుడు తండ్రి తుపాకీ నుంచి పొరపాటున వచ్చిన గుళ్ళు తగిలి రెండు కళ్ళూ పోయాయి. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్ళు. గుడ్డితనం తన జీవితాన్ని మార్చకూడదని అప్పుడే గట్టిగా నిశ్చయించుకున్నారు. ఇతరులు చదివి వినిపిస్తుంటే విని గుర్తుపెట్టుకునేవారు. గుర్రపు స్వారీ, మంచు మీద స్కేటింగ్ కూడా మానలేదు. 1863లో కేంబ్రిడ్జిలో అర్థశాస్త్ర ప్రొఫెసర్ అయ్యారు. చూపులేనివాడు సభలో ఏం చేయగలడని కొందరు సందేహించినా, 1865లో బ్రైటన్ నుంచి లిబరల్ సభ్యుడిగా గెలిచారు.

1867లో టర్కీ సుల్తాను లండన్ వచ్చారు. ఆయన గౌరవార్థం ఇండియా ఆఫీసులో ఘనంగా ఒక నృత్య వేడుక జరిగింది. అతిథి బ్రిటన్‌కు, వేడుక లండన్‌లో. ఖర్చు మాత్రం భారతదేశపు పద్దులో రాశారు! ఆ ఖజానా ఎక్కడ నిండేది? రైతు కట్టే భూమిశిస్తుతో, పేదవాడు కూడా కొనక తప్పని ఉప్పు మీద పన్నుతో. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన గోదావరి, కృష్ణా జిల్లాల రైతుల శిస్తూ అందులో కలిసేది. ఆ రైతు లండన్ దాకా వచ్చి "నా డబ్బుతో మీ విందేమిటి?" అని అడగలేడు. ఆ మాట ఫాసెట్ అడిగారు.

ఆ రోజుల్లో భారతదేశపు బడ్జెట్ సమావేశాల చివర్లో, దాదాపు ఖాళీగా ఉన్న సభ ముందుకు వచ్చేది. ఫాసెట్ మాత్రం లెక్కలన్నీ వినిపించుకుని, కాగితం అవసరం లేకుండా అంకెలు చెప్తూ గంటల కొద్దీ మాట్లాడేవారు. భారత ఆర్థిక వ్యవహారాలపై 1871లో ఏర్పడిన పార్లమెంటరీ కమిటీలో ఆయన సభ్యులు. 1873లో దాదాభాయి నౌరోజీ సాక్ష్యం చెప్పింది ఆ కమిటీ ముందే. ఆ నౌరోజీయే 1892లో లండన్‌లోని సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి గెలిచి స్వయంగా ఆ సభలో కూర్చున్నారు.

భారతీయులు ఈ మేలు మరచిపోలేదు. 1874లో ఫాసెట్ బ్రైటన్‌లో ఓడిపోతే, ఆయన మళ్ళీ పోటీ చేయడానికి ఇక్కడివాళ్ళు కాదు, భారతదేశంలోని వాళ్ళు చందాలు పోగుచేసి పంపారు. ఆ ఏడాదే హాక్నీ ఉప ఎన్నికలో ఆయన నెగ్గారు.

1880లో గ్లాడ్‌స్టన్ ఆయనను పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా నియమించారు. కేబినెట్‌లో మాత్రం చోటివ్వలేదు. ఒక్కో పెన్నీ స్టాంపు అతికిస్తూ పన్నెండు కాగానే ఒక షిల్లింగు పొదుపు ఖాతాలో వేసుకునే పద్ధతి ఆయన తెచ్చిందే. 1883లో పార్సెల్ పోస్టు మొదలైంది. మనం ఈనాడు ఇండియాకు పార్సెల్ కట్టి పోస్టాఫీసుకు వెళ్ళినప్పుడు ఆయన్ని ఒకసారి తలచుకోవచ్చు. తపాలా శాఖలో స్త్రీలకు ఉద్యోగాలు పెంచారు. స్త్రీలకు ఓటు కావాలని సభలో సమర్థించారు. ఆయన 1884లో, 51వ ఏట కన్నుమూశారు. భార్య మిల్లిసెంట్ ఆ ఓటు ఉద్యమానికి నాయకురాలై, 1928లో స్త్రీపురుషులకు సమానంగా ఓటు రావడం కళ్ళారా చూశారు.

లండన్‌లో విక్టోరియా ఎంబాంక్‌మెంట్ తోటలో ఫాసెట్ జ్ఞాపకార్థం 1886లో కట్టిన నీటి కుళాయి ఉంది. కట్టించినది ఈ దేశపు స్త్రీలు. అప్పటికి వాళ్ళకు కూడా పార్లమెంటుకు ఓటు లేదని గమనించండి. ఓటు వేయలేనివారే ఆయన్ని ఎక్కువగా గుర్తుపెట్టుకున్నారు.

కొత్త పదాలు
పద్దు = జమాఖర్చుల లెక్క
ఖజానా = ప్రభుత్వ ధనం
శిస్తు = భూమి మీద పన్ను
చందా = పదిమందీ కలిసి ఇచ్చే డబ్బు

ఆలోచించి రాయండి
1. సుల్తాను వేడుక ఖర్చు విషయంలో అన్యాయం ఏమిటి?
2. భారతీయులు ఫాసెట్‌కు చందా ఎందుకు పంపారు?
3. మీకూ ఇంకా ఓటు లేదు. మీ తరఫున మీ పార్లమెంటు సభ్యుడు ఏ విషయం అడగాలని కోరుకుంటారు? తెలుగులో అయిదు వాక్యాల ఉత్తరం రాసి, అమ్మానాన్నలకు చదివి వినిపించండి.