పాత డెస్క్‌టాప్‌లో లినక్స్: ఇన్‌స్టాలేషన్ ఎక్కడ ఆగిందో చూద్దాం



2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కూడా కొంత కొత్తదై ఉండాలి. దాంతో తొమ్మిది, పదేళ్ల కిందట కొన్న డెస్క్‌టాప్‌లు బాగానే పనిచేస్తున్నా మూలన పడుతున్నాయి. అలాంటి కంప్యూటర్‌లో లినక్స్ మింట్ వేసుకోవచ్చా అని పిల్లలు అడుగుతుంటారు. నిక్షేపంగా వేసుకోవచ్చు. అది ఉచితం. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే సరిపోతుంది. సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్‌కి కావలసిన పైథాన్, హైస్కూల్ ఐటీ సబ్జెక్టులో వచ్చే లిబ్రే ఆఫీస్ అందులో ముందే ఉంటాయి. ఆ కంప్యూటర్‌లో ఇంట్లో ఎవరైనా ట్యాలీ లెక్కలు రాస్తుంటే మాత్రం దాని జోలికి వెళ్లకండి. ట్యాలీ విండోస్ కోసం చేసినది.

ఇబ్బంది ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వస్తుంది. మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. పిల్లలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు, మళ్లీ అక్కడే ఆగుతుంది. షాపుకి తీసుకెళ్తే "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అంటారు. రెండూ వద్దు. ఏ దశలో ఆగిందో చూస్తే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది. స్క్రీన్ మీద ఏదైనా మెసేజ్ వస్తే ఓకే నొక్కేముందు ఫోన్‌తో ఫొటో తీయమని పిల్లలకు చెప్పండి. ఈ ఒక్క అలవాటు సగం పని తగ్గిస్తుంది.

పెన్‌డ్రైవ్ దగ్గరే ఆగితే

మింట్ ఫైల్ సుమారు 3 జీబీ ఉంటుంది. దాన్ని మామూలుగా కాపీ, పేస్ట్ చేస్తే కంప్యూటర్ ఆ పెన్‌డ్రైవ్‌తో మొదలవదు. రూఫస్ గానీ, బలేనా ఎచర్ గానీ వాడి రాయాలి. అలా రాసినప్పుడు పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ఖాళీది తీసుకోండి. 8 జీబీది చాలు.

సరిగ్గా రాసినా మధ్యలో చదవలేకపోతున్నానని ఎర్రర్ వస్తుంటే, డౌన్‌లోడ్ అసంపూర్ణంగా జరిగిందేమో చూడాలి. మింట్ సైట్‌లో ప్రతి ఫైల్ పక్కన ఎస్‌హెచ్‌ఏ 256 అని 64 అక్షరాలు, అంకెల వరుస ఇస్తారు. మీ కంప్యూటర్‌లో 7-జిప్ ఉంటే ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి అదే వరుసను తెప్పించవచ్చు. రెండింటిలో ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ డౌన్‌లోడ్ చేయాల్సిందే. ఈ పోల్చి చూసే పని పిల్లలకు అప్పగించండి, వాళ్లు దాన్ని ఇష్టంగా చేస్తారు.

ఆన్ చేయగానే నేరుగా విండోస్ వచ్చేస్తుంటే బూట్ మెనూ తెరవాలి. డెల్, లెనోవోలకు సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. సెక్యూర్ బూట్ పేరుతో అభ్యంతరం చెబితే బయోస్‌లో దాన్ని ఆపవచ్చు. కానీ ఆ కంప్యూటర్‌లో బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే, ఆ మార్పు తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మీ దగ్గర ఉందని నిర్ధారించుకున్నాకే సెక్యూర్ బూట్‌ని తాకండి.

మింట్ గుర్తు కనిపించి తర్వాత స్క్రీన్ నల్లబడితే, ఎక్కువగా అది గ్రాఫిక్స్ కార్డు తకరారు. మొదటి మెనూలో కంపాటిబిలిటీ మోడ్ అని ఉంటుంది, దాన్ని ఎంచుకోమనండి.

ఇప్పుడు డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. ఇది ఇంకా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తోంది, మీరు ఇన్‌స్టాల్ చేయనంత వరకు హార్డ్ డిస్క్‌లోవి చెదరవు. ఒక అరగంట ఇలాగే వాడి చూడండి. సౌండ్ వస్తోందా, ప్రింటర్ దొరికిందా, నెట్ ఉందా? వైఫై పట్టకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సరి.

డిస్క్ స్క్రీన్ దగ్గర పెద్దవాళ్లు ఉండాలి

మిగతా అన్ని దశల్లో తప్పు జరిగితే సమయమే పోతుంది. ఇక్కడ తప్పు జరిగితే పెళ్లి ఫొటోలు, పాప అన్నప్రాశన వీడియోలు, ఇంటి కాగితాల స్కాన్లు పోతాయి.

మన దగ్గర డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించినప్పుడు సీ, డీ, ఈ అని డ్రైవులు విడగొట్టి ఇవ్వడం మామూలు. విండోస్ పాడైతే షాపువాళ్లు సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తారు, డీలో దాచినవి భద్రంగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఇలాగే జరగడంతో "ముఖ్యమైనవన్నీ డీలో ఉన్నాయి, ఏం కాదు" అనే ధీమా మనకు స్థిరపడిపోయింది. లినక్స్ ఇన్‌స్టాలర్ దగ్గర ఆ ధీమా పనికిరాదు. అక్కడ 'ఎరేజ్ డిస్క్' అంటే సీ డ్రైవ్ అని కాదు, మొత్తం డిస్క్ అని. సీ, డీ, ఈ మూడూ ఒకే డిస్క్‌లోని అరలైతే మూడూ ఒకేసారి పోతాయి. పైగా కొన్నిసార్లు ఆ ఆప్షన్ ముందే ఎంచుకుని ఉంటుంది, నెక్స్ట్ నొక్కుతూ పోయే పిల్లలకు అది కనబడదు.

కాబట్టి ముందురోజే ముఖ్యమైనవన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయిందనుకుని వదిలేయకుండా, మరో కంప్యూటర్‌లో నాలుగైదు ఫొటోలు, ఒక వీడియో తెరిచి చూడండి. తర్వాత ఆ డిస్క్‌ని ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే అది కూడా ఇన్‌స్టాలర్ జాబితాలో కనిపిస్తుంది, పొరపాటున దాన్నే ఎంచుకునే ప్రమాదం ఉంది.

విండోస్ కూడా ఉండాలనుకుంటే 'ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్' అనే ఆప్షన్ ఉంటుంది. అది కనిపించకపోతే, ఉన్న విండోస్‌ని ఇన్‌స్టాలర్ గుర్తించకపోయి ఉండవచ్చు. అక్కడితో ఆపి వెనక్కి రండి. తరచూ కారణం ఏమిటంటే, విండోస్ ఒక పద్ధతిలో, పెన్‌డ్రైవ్ మరో పద్ధతిలో బూట్ అయి ఉండటం. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు, ఒకదానికి ముందు యూఈఎఫ్ఐ అని కనిపిస్తే, ఈసారి రెండోదానితో మొదలుపెట్టి చూడండి. అసలు డిస్కే కనిపించకపోతే బయోస్‌లో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ లేదా రెయిడ్ సెట్టింగ్ కారణం కావచ్చు. దాన్ని ఇష్టం వచ్చినట్టు మారిస్తే విండోస్ తెరుచుకోకుండా పోవచ్చు, తెలిసినవారి సాయం తీసుకోండి.

ఫైళ్లు రాస్తున్నప్పుడు కరెంటు పోతే కథ మళ్లీ మొదటికి వస్తుంది. కోతలు ఉన్న రోజుల్లో యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

ఇన్‌స్టాల్ అయ్యాక

అప్‌డేట్ చేయబోతే 'లాక్ దొరకలేదు' అనే అర్థం వచ్చే మెసేజ్ వస్తే కంగారు పడనక్కర్లేదు. వెనకాల మరో అప్‌డేట్ నడుస్తోందని అర్థం, పది నిమిషాలు ఆగితే చాలు. లాక్ ఫైల్‌ని తొలగించమని వీడియోల్లో చెబుతుంటారు, అది వద్దు.

ఏ సైట్ తెరిచినా భద్రత లేదంటుంటే తేదీ చూడండి. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోయి, ఆన్ చేసిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి వెళ్తుంటుంది. సైట్ల భద్రతా పత్రాలకు గడువు తేదీలుంటాయి కాబట్టి అవి చెల్లవని బ్రౌజర్ భావిస్తుంది. బ్యాటరీ ఎక్కువగా సీఆర్2032 రకం, తక్కువ ధరకే దొరుకుతుంది.

రెండు సిస్టమ్‌లూ ఉంచుకున్నవారికి విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లు తెరుచుకుని, సేవ్ మాత్రం కాకపోవచ్చు. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా మూతపడదు. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో దాన్ని ఆపేయండి.

తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో లోహిత్ తెలుగు ఫాంట్ వేసుకోవాలి. టైపింగ్‌కి కీబోర్డ్ సెట్టింగ్స్‌లోని లేఅవుట్ల జాబితాలో తెలుగును చేర్చుకుంటే తెలుగు హోంవర్క్ కూడా అందులోనే చేసుకోవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా ఎక్కడైనా ఆగితే, పిల్లలతో మెసేజ్ ఫొటో, కంప్యూటర్ మోడల్, ఏ దశలో ఆగిందన్న వివరం రాసి కంప్యూటర్ టీచర్‌కి పంపండి. సీపీయూ మోసుకురావాల్సిన పని లేదు.