సగం రన్‌వే దగ్గర ఒక గుర్తు

సంక్రాంతి ముందు ఉదయాల్లో గన్నవరం మీద విమానం చక్కర్లు కొట్టి కొట్టి, దిగకుండానే హైదరాబాద్ మళ్లిపోవడం మన వాళ్లకి కొత్త కాదు. పొగమంచు దిగిందంటే హైవే మీద ముందు వెళ్లే లారీయే కనపడదు. టెర్మినల్ బయట ఎదురుచూసే చుట్టాలు విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ పైలట్ మీద గౌరవం. విమానం నిండా జనం తిట్టుకుంటారని తెలిసీ "ఇప్పుడు కాదు" అన్నాడు.

మన మంచు ఇంతే. నేల మీద పేరుకునే మంచు కథ వేరు. 2019 నవంబరు 30న అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రం, చాంబర్లెయిన్ ఊరి చిన్న విమానాశ్రయం. వేటకొచ్చిన కుటుంబం ఇంటికి వెళ్లాలి. ఒంటి ఇంజిన్ పిలాటస్ విమానం రాత్రంతా ఆరుబయటే ఉంది. పైలట్, మరో ప్రయాణికుడు నిచ్చెన అడిగి తెచ్చి 3 గంటలు మంచు గీకారు. నిచ్చెన తోక పైభాగానికి అందలేదు. 98 శాతం బాగుంది, మిగతాది పైకి లేచేటప్పుడు రాలిపోతుందన్నారట. 12 మంది ఎక్కారు, విమానం కూలి 9 మంది పోయారు. బరువు సరిగా సర్దకపోవడం, ఆ వాతావరణంలో బయల్దేరడం కారణమని విచారణలో తేల్చారు. నాకు మాత్రం ఆ 3 గంటలే కళ్లముందు ఆడతాయి. అంత చాకిరీ చేశాక "వద్దులే, రేపు వెళ్దాం" అనడానికి ఎవరికి నోరొస్తుంది?

ప్రమాదానికి మంచే అక్కర్లేదు. 2004 ఏప్రిల్ 17న, మండు వేసవిలో, కరీంనగర్ ప్రచారానికని బెంగళూరు జక్కూరు నుంచి నటి సౌందర్య ఎక్కిన చిన్న సెస్నా లేచిన కాసేపటికే కూలింది. నేలకి అంత దగ్గరలో ఏది తేడా చేసినా సర్దుకోవడానికి ఎత్తూ ఉండదు, టైమూ ఉండదు.

అందుకే చిన్న విమానాల పైలట్లకు ఒక పాత లెక్క ఉంది. రన్‌వే సగానికి వచ్చేసరికి, లేవడానికి కావలసిన వేగంలో 70 శాతం అందకపోతే ఇంజిన్ తగ్గించి బ్రేకు వేసెయ్యాలి. సగం దూరానికి సగం వేగం చాలదా? చాలదు. మొదట్లో వేగం తొందరగా వస్తుంది, పోనుపోను ప్రతి కిలోమీటరు వేగానికీ ఎక్కువ నేల తింటుంది. మెత్తటి మంచు చక్రాలను పట్టుకుంటే ఇంకా తింటుంది. గన్నవరం రన్‌వే 3,360 మీటర్లు, అక్కడ సెస్నా కాస్త తడబడినా చెల్లుతుంది. మనలో చాలామందికి దేవుడిచ్చింది పొలంలో చదును చేసుకున్న పొట్టి పట్టీ.

సగం దగ్గర ఆ గుర్తు పెట్టుకోవాల్సింది విమానం నిలబడి ఉన్నప్పుడు. పరుగు మొదలయ్యాక బుద్ధి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటుంది. "పట్టు వదలకు" అని రాసి బతికే మాలాంటి వాళ్లం ఈ సంగతి సాధారణంగా చెప్పం.

కైకలూరు వైపు రొయ్యల రైతుకు చెప్పక్కర్లేదు. చెక్ ట్రేలో మేత మిగులుతూ, రొయ్య గట్టు చేరుతుంటే సైజు కోసం చూడడు, చిన్నగా ఉండగానే 100 కౌంటుకే పట్టేస్తాడు. నష్టమే, కానీ ఎంతో కొంత చేతికొస్తుంది. "వారం చూద్దాం" అన్నాయనకి ఒక్కోసారి మేత బాకీ ఒక్కటే మిగులుతుంది.

గ్రూప్స్‌కి చదివే తమ్ముడూ, ఎన్నోసారి రాస్తున్నావని నేను అడగను. ఎప్పటికి ఎన్ని మార్కులు రాకపోతే ఆపేస్తావో మొదలుపెట్టిన రోజున అనుకున్నావా? కర్రీ పాయింట్ తెరుస్తున్న చెల్లెమ్మా, ఏ నెలకి అద్దె సొంతంగా రావాలో లెక్క వేశావా? ఈ రాత్రికి ఆ అంకె కాగితం మీద రాసి, మీకు మొహమాటపడని మనిషి ఒకరికి ఇచ్చి దాచమనండి.